ఏమీ మొలవకూడని ప్లేటు

మా లాబ్‌లో ప్రతి ప్రయోగానికీ పిల్లలు ఒక ప్లేటు అదనంగా పెడతారు. బాక్టీరియాకు తిండైన మీడియా పోసి, గట్టిపడ్డాక మూత పెట్టి, మార్కరుతో తేదీ రాసి, మిగతా ప్లేట్లతో పాటే 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో బోర్లిస్తారు. దాని మీద మాత్రం దేన్నీ వెయ్యరు. మర్నాడు పొద్దున తలుపు తీయగానే ముందు బయటికి వచ్చేది అదే. వెలుతురుకెత్తి, అటూ ఇటూ వంచి చూస్తారు. ఖాళీగా ఉందంటే మిగతా ప్లేట్ల లెక్క మొదలవుతుంది. ఆవగింజంత చుక్క కనిపించిందంటే, మిగతావాటి మీద కాలనీలు ఎంత ముచ్చటగా లేచినా ఆ లెక్క చెల్లదు. దాన్ని మేం కంట్రోల్ అంటాం.

మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చెయ్యడమంటే ఏమిటని ఎవరడిగినా నాకు ముందు ఈ ప్లేటే గుర్తొస్తుంది. డిగ్రీ పిల్లలు పెట్టమంటే పెడతారు. ఎం.ఎస్సీ. పిల్లలకు ఎందుకు పెట్టాలో తెలుసు, పరీక్షలో రాస్తారు కూడా. అది లేకపోతే తన ప్రయోగాన్ని తనే నమ్మలేని స్థితికి మనిషి రావడానికి మాత్రం నాలుగైదేళ్ళు పడుతుంది. ఆ స్థితికి వచ్చినవాళ్ళకు ఇచ్చే పట్టానే డాక్టరేట్ అని నా నమ్మకం.

ఇంట్లోవాళ్ళ లెక్క వేరుగా ఉంటుంది. ఉండడం న్యాయమే. సూర్యాపేట వైపునుంచి ఒక స్కాలర్ వాళ్ళ నాన్న ఓసారి డిపార్ట్‌మెంటుకు వచ్చారు. పత్తి రైతు. కుర్చీ చూపించినా కాసేపు నిలబడే మాట్లాడారు. "ఇన్నేండ్లయింది గద సార్, మావాడు ఏం కనిపెట్టిండు?" అని అడిగారు. మందులకు లొంగని బాక్టీరియా గురించి చెప్పబోయి, ముందు ఈ కంట్రోల్ సంగతి చెప్పాను. ఆయన మధ్యలోనే అందుకున్నారు. "మేమూ అట్లనే జేస్తం సార్. దుకాణమాయన కొత్త మందిస్తే చేనంతా కొట్టం. నాలుగు సాళ్ళు ఇడిసిపెడ్తం. లేకపోతే పురుగు పోయింది మందుకా, వానకా ఎట్ల తెలుస్తది?" ఆ నాలుగు సాళ్ళలో పంట పోయినా పోవచ్చునని ఆయనకు తెలుసు. తెలిసే వదులుతారు. పరిశోధన పద్ధతి మీద నేను చదివిన పుస్తకాల్లో ఇంత తేటగా చెప్పినవి తక్కువ.

మన దగ్గర బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవాళ్ళకు కంట్రోల్ అనే ఈ ఆలోచనతో తొలి పరిచయం తరచుగా ఒక తెలుగువాడి చేతిమీదుగానే జరుగుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించాడు. వందేళ్ళు దాటినా ఆ ప్రాక్టికల్ మన కాలేజీల్లో చేయిస్తూనే ఉన్నారు. ద్రావణంలో మాలిబ్డేట్ కలిపి, ఆపైన రెడ్యూసింగ్ రీఏజెంట్ వేస్తే, ఫాస్ఫేట్ ఎంత ఉందో అంత నీలం రంగు వస్తుంది. ఆ వరసలో మొదటి టెస్ట్‌ట్యూబ్‌లో ఫాస్ఫేట్ వెయ్యరు. నీళ్ళు, రీఏజెంట్లే. అది బ్లాంక్. సబ్బుపొడితో కడిగి సరిగా తొలవని ట్యూబైతే ఆ బ్లాంక్ కూడా నీలంగా మారుతుంది, ఎందుకంటే కొన్ని సబ్బుపొడుల్లో ఫాస్ఫేట్ ఉంటుంది. మొదటిసారి అది చూసిన పిల్లల మొహాల్లో తెల్లబోవడం నేను చాలాసార్లు చూశాను. తాము కొలుస్తున్నది నమూనానా, తాము కడిగిన గాజునా అన్న సందేహం అక్కడ పుడుతుంది. ఆ సందేహం వదలకుండా వెంటబడినవాళ్ళే తర్వాత పరిశోధనకు వస్తే బాగుంటుందనిపిస్తుంది నాకు.

పీహెచ్‌డీ మొదటి ఏడాది కోర్సువర్కుతో, ప్రీ-పీహెచ్‌డీ పరీక్షతో గడిచిపోతుంది. ఆ పరీక్ష పేపర్లలో కనిపించని చదువు ఒకటి పక్కనే నడుస్తుంటుంది. అది చేతికి సంబంధించింది. మీడియా ఫ్లాస్కు ఆటోక్లేవ్‌లోంచి వచ్చాక ఎంత చల్లారితే పొయ్యాలో థర్మామీటరు పెట్టి ఎవరూ చూడరు. ఫ్లాస్కును ముంజేతికి ఆనించి, ఓర్చుకోగలిగేంత వేడి ఉందంటే 50 డిగ్రీల దరిదాపులకు వచ్చినట్టే. అంతకు ముందు పోస్తే మూతలోపల ఆవిరి చెమ్మ పట్టి, ఆ నీటిబొట్లు కిందపడి కాలనీలన్నీ కలిసిపోతాయి. ఆలస్యం చేస్తే అగార్ ఫ్లాస్కులోనే గడ్డకడుతుంది. మంట పక్కన కూర్చుని, ఫ్లాస్కు మూతిని సెగకు చూపించి, ప్లేటు మూత ఒక పక్కే కొద్దిగా ఎత్తి, పోసి, దించాలి. మూత తీసి బల్ల మీద పెట్టకూడదు. ఆ సమయంలో మాట్లాడకూడదు. కల్చర్ తీసే లూప్ తీగ మొదలంటా ఎర్రగా కాలాలి, కాలాక ఆగాలి. ఆగకుండా కల్చర్‌లో ముంచితే చుయ్యిమంటుంది, బతికున్న కణాలు చిటపటమని గాల్లోకి తుంపరగా లేస్తాయి. ఇవన్నీ కాగితం మీద అరపేజీ నియమాలు. చేతికి ఎక్కడానికి నెలలు పడుతుంది. ఎక్కాక ఎప్పటికీ పోవు.

ఆ నెలల్లో కంట్రోల్ ప్లేటు మీద ఏదో ఒకటి మొలుస్తూనే ఉంటుంది. మంచి గైడ్ దాన్ని పారెయ్యనివ్వడు. కూర్చోబెట్టి చదివిస్తాడు. అంచులు చిరిగినట్టు, పొడిగా, నేలమీద సున్నం చల్లినట్టు పరుచుకున్న కాలనీ అయితే బాసిల్లస్ అయ్యుండొచ్చు, అంటే బీజకణాలు చావలేదు, ఆటోక్లేవ్ 121 డిగ్రీలు అందుకుందో లేదో చూడు. చిన్నగా, గుండ్రంగా, బంగారు పసుపులో మెరిసే చుక్కలైతే చర్మం మీదనుంచో గాల్లోంచో వచ్చి ఉంటాయి, నీ చెయ్యి ప్లేటు మీదుగా పోయిందేమో గుర్తు తెచ్చుకో. దూదిలా లేచి నల్లటి గింజలు కట్టిందంటే బూజు, వానాకాలం కదా, ఏసీ ఫిల్టరు ఎప్పుడు కడిగారో అడుగు. ఇలా ఏమీ మొలవకూడని చోట మొలిచింది మొత్తం గది చరిత్ర చెబుతుంది. ఆటోక్లేవ్ సంగతే తీసుకుంటే, పాకెట్ల మీద అంటించే టేపు మీద నల్లచారలు వస్తే సరిపోయిందనుకుంటారు కొత్తవాళ్ళు. టేపుకు తెలిసింది వేడి తగిలిందని మాత్రమే. వేడిని బాగా తట్టుకునే జియోబాసిల్లస్ బీజకణాలున్న చిన్న సీసాను సామాను మధ్యలో పెట్టి, తీశాక పెంచి చూసి, అది మొలవకపోతేనే ఆటోక్లేవ్ పనిచేసినట్టు. టేపును నమ్మడం ఆపి ఆ సీసాను అడగడం స్కాలర్ మొదలుపెట్టిన రోజునుంచి నేను మాట్లాడే తీరు మారిపోతుంది. అప్పటినుంచి తోటి పరిశోధకుడే.

ఖాళీని చదవడానికి ఎంత ఓపిక కావాలో చెప్పే పాత భవనం ఒకటి సికింద్రాబాద్ దగ్గర బేగంపేటలో ఉంది. ఇప్పుడది ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది అక్కడే. కొత్తగా చేరిన స్కాలర్లను వీలైనప్పుడల్లా అటు తీసుకెళ్ళాలని నాకు ఉంటుంది. ఆ కథను సాధారణంగా ఆ ఒక్క రోజు కథగా చెబుతారు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, కుట్టిన దోమకొక అణా చొప్పున డబ్బు తీసుకుని ఒళ్ళప్పగించడం, ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడలో నల్లటి రంగు రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించడం, అక్కడితో ముగింపు. నా మనసును పట్టేది దానికి ముందున్న కాలం. 1895 నుంచి రాస్ దోమలను కోస్తూనే ఉన్నాడు. బూడిదరంగువి, చారలున్నవి, ఎండాకాలంలో, చెమట సూక్ష్మదర్శిని మరలకు పట్టి తుప్పెక్కేంతగా కోశాడు. వాటిలో ఏమీ లేదు. అవి వేరే జాతుల దోమలు, ఆ మలేరియా వాటిలో పెరగదు. ఆ మాట అతనికి అప్పటికి తెలియదు. కానీ ఖాళీగా ఉన్న దోమ కడుపు ఎలా ఉంటుందో, ఏ కణం అక్కడ మామూలుగా ఉండేదో, ఏది కాదో భూమ్మీద అతనికంటే బాగా తెలిసినవాళ్ళు ఆ రోజుకు బహుశా లేరు. అందుకే రెక్కల మీద మచ్చలున్న ఆ దోమను కోసినప్పుడు, ఇది ఇక్కడ ఉండాల్సింది కాదని కంటికి తట్టింది. మర్నాడు మిగిలిన ఆఖరి దోమను కోశాడు. కణాలు అందులో ఇంకాస్త పెద్దవయ్యాయి. అంటే పెరుగుతున్నాయి, అంటే బతికున్నాయి. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఏమీ దొరకని ఆ రెండేళ్ళే అతని పీహెచ్‌డీ అని నేను పిల్లలతో అంటుంటాను.

కంట్రోల్ అంటే తప్పులు పట్టే కాపలాదారు మాత్రమే అనుకునేవాళ్ళకు సాల్వడార్ లూరియా ప్రయోగం చెప్పాలి. అందులో ఆలోచన మొత్తం కంట్రోల్ మీదే నిలబడింది. ఇటలీనుంచి అమెరికా చేరిన లూరియా ఇండియానా విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. బాక్టీరియాను చంపే వైరస్‌ను ఈ.కోలై మీద పోస్తే కోట్ల కణాలు చస్తాయి, ఏవో కొన్ని బతుకుతాయి. బతికినవాటి సంతానానికి ఇక ఆ వైరస్ అంటే భయం లేదు. ప్రశ్న ఏమిటంటే, వైరస్ తగిలాక అవి తట్టుకోవడం నేర్చుకున్నాయా, లేక వైరస్ రాకముందే, దాని ఊసే తెలియకుండా, కొన్ని కణాలు అలా మారి ఉన్నాయా? 1943లో అధ్యాపకుల డాన్స్ విందులో ఒక సహోద్యోగి స్లాట్ మెషీన్‌లో నాణేలు వేస్తుంటే చూస్తూ నిలబడ్డాడట లూరియా. చాలాసార్లు ఏమీ రాకపోవడం, ఒక్కోసారి ఒకేసారి గలగలమని రాలడం చూసి ప్రయోగం తట్టింది.

ఒకే కల్చర్‌ను వేరువేరు ట్యూబుల్లో, ఒక్కోదాంట్లో కొద్ది కణాలతో మొదలుపెట్టి విడివిడిగా పెంచాడు. తర్వాత ఒక్కో ట్యూబును వైరస్ పూసిన ప్లేటు మీద పోశాడు. వైరస్‌ను చూశాకే మార్పు వచ్చేట్టయితే ప్రతి ప్లేటు మీదా ఇంచుమించు సమానంగా కాలనీలు రావాలి. ముందే వచ్చేట్టయితే, తొలి తరాల్లోనే మారిన కణం ఉన్న ట్యూబులో దాని సంతానమంతా లేచి వందకు పైగా కాలనీలు రావచ్చు, పక్క ట్యూబులో ఒక్కటీ రాకపోవచ్చు. వచ్చింది రెండో రకం లెక్కే. అయితే, ట్యూబుకూ ట్యూబుకూ తేడా లూరియా చేతివాటం వల్ల వచ్చిందని ఎవరైనా అంటే? అందుకే ఒకే పెద్ద ఫ్లాస్కులో పెంచిన కల్చర్‌లోంచి చాలా నమూనాలు తీసి, అదే విధంగా ప్లేట్ల మీద పోశాడు. అవి మాత్రం ఒకదానికొకటి దగ్గరదగ్గరగా వచ్చాయి. చేతివాటం అనుమానం అక్కడితో తొలగిపోయింది. తోటి పరిశోధకుడు మాక్స్ డెల్‌బ్రూక్ దానికి గణితం సమకూర్చాడు. ఆ ఏడే వ్యాసం వచ్చింది, 1969లో ఇద్దరికీ హెర్షీ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి నోబెల్ వచ్చింది. ఫ్లాస్కు నమూనాలను తీసేసి ఆ వ్యాసం చదవండి, అందులో వాదం మిగలదు. ఏడాదికోసారైనా నా స్కాలర్లతో దాన్ని గట్టిగా చదివిస్తాను.

ఇంత ఓపిక కావాల్సిన చదువుకు మన దగ్గర ఇచ్చే కాలమెంత, డబ్బెంత అన్నది కూడా చెప్పుకోవాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్ళు. మళ్ళీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్ళు. మహిళలకు అదనపు వెసులుబాటు ఉంది. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వచ్చినవాళ్ళకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000, దానిపైన ఇంటద్దె. కాగితం మీద అది మర్యాదైన మొత్తమే. కానీ ఆ డబ్బు నెలనెలా పడదు. నెలల తరబడి రాక, అప్పు తెచ్చుకుని మెస్ బిల్లు కట్టిన పిల్లలు నా కళ్ళముందే ఉన్నారు. ఫెలోషిప్ లేనివాళ్ళు పొద్దున ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి మధ్యాహ్నం లాబ్‌కు వస్తారు. సూక్ష్మజీవి వాళ్ళ కోసం ఆగదు. ఈ.కోలైకి అనుకూలమైన మీడియాలో ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవడం అలవాటు, దాని పెరుగుదల గ్రాఫు గియ్యాలంటే అర్ధగంటకొకసారి రీడింగు తియ్యాల్సిందే, ఆ రోజు ఇంట్లో పెళ్ళున్నా సరే. క్షయ బాక్టీరియా జాతిలోని నెమ్మదైన జీవులకైతే కాలనీ కంటికి కనబడడానికే వారాలు పడుతుంది, ఎనిమిది వారాలు చూశాక గాని లేదని చెప్పడానికి వీల్లేదు. ఆ ఎనిమిది వారాల చివర కంట్రోల్ ప్లేటు మీద బూజు కనబడితే మళ్ళీ మొదటికి రావాలి.

అప్పుడు మనిషి మనసులో ఏం జరుగుతుందో ఆ పని చేసినవాళ్ళకు తెలుసు. ఒక్క చుక్కే కదా. అంచున కదా. మిగతావన్నీ అనుకున్నట్టే వచ్చాయి కదా. ఎవరూ చూడలేదు కదా. గడువు దగ్గరపడింది, ఇంట్లో చెల్లెలి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, పోస్ట్‌డాక్‌కు అడిగిన ప్రొఫెసరు పేపర్లెన్ని అని అడుగుతున్నాడు. ఇవన్నీ ఒకవైపు, ఆ చుక్క ఒకవైపు. ఆ పొద్దున ఎవరూ చెప్పకుండా ప్లేట్లన్నీ తీసుకెళ్ళి ఆటోక్లేవ్‌లో పెట్టి, నోట్‌బుక్కులో ఆ సంగతి తేదీతో సహా రాసి, కొత్త మీడియాకు పొడి తూచుకోవడం మొదలుపెట్టే పిల్లలున్నారు. ఆ పని మార్కుల జాబితాకెక్కదు. పేపర్ల సంఖ్యతో మనిషిని తూచే పద్ధతి ఆ పొద్దుటి నిజాయితీనే శిక్షిస్తుంది. థీసిస్ ఇచ్చేముందు పేపరు ప్రచురించి తీరాలన్న షరతును యూజీసీ 2022లో ఎత్తేసింది. డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా పెరగడానికి ఆ షరతు ఒక కారణమని చాలామందిలాగే నేనూ అనుకుంటాను. ఎత్తెయ్యడం మంచిదైంది. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మాత్రం ఆ లెక్క ఇంకా పోలేదు.

కంట్రోల్‌ను పక్కన పెడితే ఎంత పెద్ద లాబ్ అయినా దారి తప్పుతుందనడానికి ఈమధ్య కాలపు ఉదాహరణ ఒకటి చాలు. కడుపులో బిడ్డకు ఆహారం అందించే మాయలో సూక్ష్మజీవులుండవని వైద్యులు చాలాకాలంగా భావించారు. అక్కడ కూడా బాక్టీరియా సమూహం ఒకటి నివసిస్తుందని 2014లో అమెరికానుంచి ఒక అధ్యయనం వచ్చింది. బాక్టీరియాను పెంచకుండా వాటి డీఎన్ఏను చదివి చెప్పిన ఫలితం అది. ఎంతో ఆసక్తి రేగింది, ఎన్నో బృందాలు అటు మళ్ళాయి. అదే ఏడాది ఇంకో వ్యాసం వచ్చింది. డీఎన్ఏ తీయడానికి కొనే కిట్లలోనే, ఆ సీసాల్లోని ద్రావణాల్లోనే, బాక్టీరియా డీఎన్ఏ జాడలుంటాయని అది చూపించింది. నమూనాలో జీవులు తక్కువగా ఉన్నకొద్దీ కిట్‌లోని జాడలే పెద్దగా కనిపిస్తాయి. ఆపైన 2019లో కేంబ్రిడ్జ్ బృందం ఐదు వందల మందికి పైగా తల్లుల మాయలను, రెండు రకాల పద్ధతులతో, ప్రతిచోటా ఖాళీ కంట్రోళ్ళు పెట్టుకుంటూ పరిశీలించింది. కనబడిన డీఎన్ఏలో దాదాపు అంతా కిట్లనుంచో, కాన్పు సమయంలోనో వచ్చి కలిసినదే. మాయకంటూ ఒక సూక్ష్మజీవ సమూహం లేదని తేలింది. దాంతోపాటే ఇంకోటి తేలింది. సుమారు 5 శాతం నమూనాల్లో గ్రూప్-బి స్ట్రెప్టోకాకస్ నిజంగానే ఉంది. పుట్టిన బిడ్డలకు ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు తెచ్చే బాక్టీరియా అది. ఖాళీ గొట్టాలను అంత శ్రద్ధగా చదివినందువల్లే, ఆ గోలలోంచి పసిపిల్లల ప్రాణానికి అక్కరకొచ్చే ఆ ఒక్క పేరు విడివడి కనిపించింది.

ఇప్పుడు మా ఇంటి సమస్యకు వస్తాను. హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరు. అక్కడ సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే ప్లాంటునుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది చాలా ఎక్కువ. కొన్ని బాక్టీరియాలను చంపడానికి చాలిన మోతాదుకు వెయ్యిరెట్లకు పైమాటే. ఆ నీళ్ళు వెళ్ళేది ఇసకవాగు, నక్కవాగుల్లోకి, అక్కడినుంచి మంజీరలోకి, చివరికి గోదావరిలోకి. లూరియా చెప్పింది ఇక్కడ తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. మందు నిరోధకతను పుట్టించాల్సిన పనిలేదు. కోట్లలో ఒకటిగా ఎక్కడో పుట్టినదాన్ని తప్ప మిగతా అన్నింటినీ చంపి, దానికి మైదానం అప్పజెబితే చాలు.

మందులకు లొంగని బాక్టీరియా మీద పనిచేస్తానని వచ్చే స్కాలరును కమిటీ ముందు కూర్చోబెట్టి అడిగే మొదటి ప్రశ్న, "నీ కంట్రోల్ ఏదమ్మా?" అని. వాగులో దిగువన నిరోధకత ఎక్కువుందని చూపించాలంటే, మందులు కలవని నీళ్ళు పక్కన ఉండాలి. ఎగువకు వెళ్తానంటుంది. 2009లో వచ్చిన ఇంకో అధ్యయనం ఆ చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ళ బావుల్లో కూడా మందుల జాడలు చూపించింది. ఇంకో జిల్లాకు, ఫ్యాక్టరీలు లేని చోటికి వెళ్తానంటుంది. అక్కడ కోళ్ళఫారాలున్నాయి. కోళ్ళ మేతలో, మందుల్లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడొద్దని కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధం పెట్టాల్సి వచ్చిందంటే అప్పటిదాకా ఏం జరుగుతూ వచ్చిందో ఊహించుకోవచ్చు. ఫారాలు లేని ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు జ్వరానికీ జలుబుకీ యాంటీబయాటిక్ ఇస్తాడు, ఆ ఊరి మురుగు ఆ ఊరి చెరువులోకే పోతుంది. మ్యాపు ముందేసుకుని సాయంత్రాలు కూర్చుంటాం. ఏమీ సోకని చోటు ఒక్కటి కావాలి. మా రోజుల్లో కంట్రోల్‌కు చెరువు నీళ్ళు ఏ ఊరివైనా తెచ్చుకునేవాళ్ళం. ఈ పిల్లలకు ఆ వీలు లేదు, ఆ మాట వాళ్ళకు చెప్పాల్సివచ్చిన ప్రతిసారీ నాకు కష్టంగా ఉంటుంది.

స్థలంలో దొరకని కంట్రోల్ కాలంలో దొరికిన సందర్భం ఒకటుంది. ఎవరిట్ మర్రే అనే శాస్త్రవేత్త 1917 నుంచి 1954 వరకు, అంటే ఎక్కువ భాగం యాంటీబయాటిక్‌లు వాడకంలోకి రాకముందు, రోగులనుంచి వేరుచేసిన పేగు బాక్టీరియాలను పోగుచేసి భద్రపరిచాడు. విక్టోరియా హ్యూస్, నయోమీ దత్తా వాటిని మళ్ళీ పెంచి పరీక్షించి 1983లో ప్రచురించారు. ఒక బాక్టీరియానుంచి ఇంకోదానికి దాటిపోయే డీఎన్ఏ ముక్కలు, అంటే ప్లాస్మిడ్‌లు, వాటిలో పావువంతు దాకా బాక్టీరియాల్లో ఉన్నాయి. ఆ ప్లాస్మిడ్‌ల మీద మందులను తట్టుకునే జన్యువులు మాత్రం లేవు. బండ్లు అప్పటికే ఉన్నాయి, సరుకు తర్వాత ఎక్కించింది మనమే. ఈ మాట ఇంత ఖాయంగా చెప్పగలగడానికి కారణం, మర్రే ఆ గొట్టాలను పారెయ్యకపోవడం. ఎందుకు పనికొస్తాయో ఆయనకు తెలిసే అవకాశమే లేదు.

మన విశ్వవిద్యాలయాల్లో ఏం జరుగుతోంది? ఐదారేళ్ళు వాగులు, పొలాలు, ఆసుపత్రులు తిరిగి స్కాలర్ వేరుచేసిన బాక్టీరియాలు గ్లిసరాల్‌లో, మైనస్ 80 ఫ్రీజర్‌లో, చిన్న చిన్న వయల్స్‌లో ఉంటాయి. మూతల మీద ఆ స్కాలరుకే అర్థమయ్యే అంకెలు. వైవా అవుతుంది, మిఠాయిలు పంచుతారు, స్కాలర్ ఉద్యోగానికి వెళ్ళిపోతారు. తర్వాత వచ్చినవాళ్ళకు ఫ్రీజర్‌లో చోటు కావాలి. లేదా ఒక ఎండాకాలం కరెంటు పోయి కంప్రెసర్ ఆగిపోతుంది. 2007లో నక్కవాగు ఎలా ఉండేదో, కోవిడ్‌కు ముందు ఒక జిల్లా ఆసుపత్రి వార్డులో ఏ బాక్టీరియా ఏ మందుకు లొంగేదో చెప్పగల ఆధారం ఆ పెట్టెల్లోనే ఉంటుంది. థీసిస్ లైబ్రరీలో భద్రంగా ఉంటుంది, అందులో రాసిన జీవులు ఉండవు.

థీసిస్ సాఫ్ట్‌కాపీ అప్పగిస్తేగాని డిగ్రీ రాదన్న నియమం మనకు ఉంది. అదే వరసలో, వేరుచేసిన కల్చర్లలో ముఖ్యమైనవాటిని ఎక్కడ, ఎప్పుడు, దేనినుంచి తీశారో వివరంతో సహా చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారం ఎంటీసీసీ లాంటి కేంద్రంలో దాఖలు చెయ్యాలని, రెండో సెట్టు డిపార్ట్‌మెంటులో ఉండాలని ఇంకో నియమం పెడితే పెద్దగా ఖర్చు కాదు. ఎంటీసీసీ 1986 నుంచి ఆ పనిమీదే ఉంది. వయల్ మూత మీది అంకెలకు అర్థం చెప్పే రిజిస్టరు ఒకటి బీరువాలో ఉండాలి, స్కాలర్ వెళ్ళిపోయినా చదవగలిగేట్టు. ఫ్రీజర్‌కు వేరే లైను, జనరేటర్‌కు డీజిలు డిపార్ట్‌మెంటు బడ్జెట్‌లో ఏటా రాయాలి. సినాప్సిస్ సెమినార్‌లో పేపర్లెన్ని అని అడిగే ముందు, కల్చర్లు ఎక్కడ పెట్టావని కమిటీలో ఎవరో ఒకరు అడగాలి. నేను కూర్చున్న కమిటీల్లో అడుగుతున్నాను.